సొంత జట్టువాడికి వేయకూడదు

మార్చి నెలాఖరు, మంగళవారం ప్రాక్టీసు.
గార్విక్ రేవు మీంచి లేచిన పొగమంచు
గోల్‌పోస్టుల దాకా వచ్చి ఆగింది.
తడి తువ్వాళ్ల బల్ల దగ్గర నిలబడి
కెప్టెన్ గ్రెగర్ కాగితాలు పంచాడు,
తలకొకటి. పెన్సిలు మాత్రం
పద్దెనిమిది మందికీ ఒకటే.

ఈ ఏటి మేటి ఆటగాడు ఎవరు?
ఒకటే షరతు, సొంత జట్టువాడికి వేయకూడదు.
అంటే
నిన్ను ఏడిపించినవాళ్లలోంచే
ఒకణ్ణి ఏరుకోవాలి.

నేను వారమంతా ఇళ్ల కప్పులు వేస్తాను.
పలకరాయి బరువు తెలుసు, దాని జారుడు తెలుసు.
ముప్పై నాలుగేళ్లు, రైట్ బ్యాక్.
శనివారం నా పని అడ్డంగా నిలబడటం.

పెద్దగా ఆలోచించలేదు.
స్ట్రాథ్‌లేన్ కుర్రాడు, ఎడమ అంచున ఆడేవాడు,
అక్టోబరు వానలో నాకు
మూడు చెరువుల నీళ్లు తాగించాడు.
కుడికి ఒరిగినట్టు ఒరిగి
ఉన్నచోటే ఉండిపోయాడు. వెళ్లింది నేను.
వెళ్లి వెళ్లి గీత అవతల
చేపల కొట్టు ప్రకటన బోర్డు మీద పడ్డాను.
స్టాండులో అందరికన్నా గట్టిగా
మా అత్తగారు నవ్వింది.

మొదటిసారి నా పరువు పోయింది,
రెండోసారి నా మోకాలు,
మూడోసారి అతని చీలమండ.
అది బంతి కోసం చాపిన కాలు కాదు.
రిఫరీకి తెలీదు. నాకు తెలుసు, వాడికి తెలుసు.
లేచి, బురద దులుపుకుని,
"ఇవాళ బాగా తడిగా ఉంది" అన్నాడు.
అంతే అన్నాడు.

పెన్సిలు నా వంతుకొచ్చింది.
రూరీ మకాస్కిల్.
రూరీ అని పిలిస్తే రెండే ముక్కలు,
రాయబోతే ఏడక్షరాలు, సగం నోరు విప్పనివి.
షవర్ పక్కన నానిన పాత మ్యాచ్ పుస్తకం వెతికి
ఒక్కో అక్షరం చూసి దింపుకున్నాను,
చూచిరాత రాసే పిల్లాడిలా
నాలుక పళ్ల మధ్య పెట్టి.
ఎవరికీ కనపడకుండా మడిచాను.
అందరూ అలాగే మడిచారు.
ఎవరి మోకాలు వాళ్లది.

ఏప్రిల్ చివర్లో గ్లాస్గో హోటల్లో విందు.
అద్దె కిల్టు, గొంతు నొక్కే కాలరు,
ఒక్క ప్లేటుకి మూడు ఫోర్కులు.
మా మేనేజర్ పెట్రీ కూడా బరిలో ఉన్నాడు,
కింది డివిజన్ మేనేజర్ల వరసలో.
చలికాలం రాత్రుళ్లు రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ నడుపుతాడు.
తెల్లారగట్ల ఫోన్ చేసి
"మైదానం గడ్డకట్టింది, పడుకోండి" అంటాడు.
నాలుగు మాటలు రాసుకొచ్చాడు, డీజిల్ రసీదు వెనక.
పిలిచింది వేరే పేరు.
చప్పట్లు అందరికన్నా ముందు మొదలెట్టి
అందరికన్నా చివర ఆపాడు.
రసీదు మాత్రం పారెయ్యలేదు,
ఆఫీసులో ఇస్తే డబ్బులొస్తాయట.

తర్వాత రూరీ.
మెట్లెక్కుతుంటే చూశాను,
ఎడమ కాలు కాస్త ఆచితూచి వేస్తున్నాడు.
నా పనేనా, కొత్త బూట్లా?
గాజు బొమ్మని గడ్డం కింద పట్టుకుని
"నన్ను తన్నినవాళ్లే నాకు ఓటేశారట,
లెక్క సరిపోయింది" అన్నాడు.
హాల్లో ఉన్న డిఫెండర్లంతా ఘొల్లుమన్నారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా,
అలవాటు ప్రకారం.

కోట్ల దగ్గర వరసలో
నా ముందే నిలబడ్డాడు.
చెప్పేద్దామనుకున్నాను,
ఓటు సంగతి కాదు, కాలి సంగతి.
"వచ్చే ఏడు ఎక్కడ?" అని మాత్రం వచ్చింది.
"పై డివిజన్."
ఇక నా అంచుకి రాడన్నమాట.
"బయట బాగా తడిగా ఉంది" అన్నాను.
నా మొహంలోకి ఒక్క క్షణం చూసి
కుడికి ఒరిగాడు.
నేను కదల్లేదు.
ఎడమ నుంచి చెయ్యి చాపి నా కోటు అందించాడు.

తిరుగు బస్సులో అందరూ నిద్ర.
పెర్త్ దాటాక పెట్రీ అద్దం మీది ఆవిరి తుడిచి
చాలాసేపు రోడ్డు చూశాడు.
"ఇక్కడెవడో
ఉప్పు సరిగా చల్లలేదయ్యా" అన్నాడు.